ఆ తెల్ల పెట్టెకు కాపలా ఎవరు?

స్కూల్లో వార్షికోత్సవం అయిపోయింది. ఆ విశేషాలు స్కూలు వెబ్‌సైట్‌లో పెట్టే పని తొమ్మిదో తరగతి అమ్మాయికి అప్పగించారనుకోండి. సైట్‌లోకి వెళ్లగానే ఓ తెల్లటి పెట్టె కనిపిస్తుంది. దాని నెత్తిన వరసగా బుల్లి బుల్లి గుర్తులు... అక్షరాలు లావుగా చేయడానికి ఒకటి, పక్కకు వాల్చడానికి ఒకటి, ఫొటో పెట్టడానికి ఇంకొకటి. ఆ అమ్మాయి నాలుగు పేరాలు రాసి, పేర్లు లావుగా చేసి, మధ్యలో కోలాటం ఫొటో అతికించి బటన్ నొక్కుతుంది. అంతే, ఊరంతా చూసేస్తుంది!

ఆ పెట్టెనే కంప్యూటర్ భాషలో ‘రిచ్ టెక్స్ట్ ఎడిటర్’ అంటారు. చూడ్డానికి తెల్లకాగితమంత అమాయకంగా ఉంటుంది. కానీ సైట్ తయారుచేసేవాళ్లకు కంటిమీద కునుకు లేకుండా చేసేది కూడా అదే. ఎందుకంటే... అది బయటివాళ్ల కోసం తెరిచిపెట్టిన గుమ్మం.

పెట్టడం తేలికే

ఒకప్పుడు వెబ్ పేజీలో ఒక్క మాటను లావుగా చూపించాలన్నా హెచ్‌టీఎంఎల్ గుర్తులు చేత్తో రాయాల్సిందే. 2000లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో పేజీలోని ఏ భాగాన్నయినా నేరుగా దిద్దుకునే వీలు కలిగింది. దాన్ని ఆధారం చేసుకుని రెడీమేడ్ ఎడిటర్లు పుట్టుకొచ్చాయి. 2003లో ఎఫ్‌సీకేఎడిటర్ వచ్చింది. తయారుచేసిన ఫ్రెడెరికో కాల్డెయిరా క్నాబెన్ పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. 2009లో అది సీకేఎడిటర్‌గా మారింది. 2004లో టైనీఎంసీఈ వచ్చింది. మరుసటి ఏడాది చివర్లో వర్డ్‌ప్రెస్ దాన్ని తనలో కలుపుకోవడంతో ఇంటింటికీ చేరిపోయింది.

ఇప్పుడైతే నాలుగైదు లైన్లు రాస్తే చాలు, ఎడిటర్ సైట్‌లో ప్రత్యక్షం. అరగంట పని. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే!

ఒక్కరోజులో పదిలక్షలు

2005 అక్టోబరు 4. అమెరికాలో అప్పట్లో కుర్రకారంతా మైస్పేస్ సైట్‌లోనే ఉండేవారు. ఎవరి పేజీని వాళ్లు హెచ్‌టీఎంఎల్‌తో ముస్తాబు చేసుకునే వీలుండేది. సామీ కామ్కర్ అనే 19 ఏళ్ల కుర్రాడు తన పేజీలో ముస్తాబుతోపాటు చిన్న ప్రోగ్రాం కూడా దాచాడు. ఆ పేజీ చూసినవాళ్లు తమకు తెలియకుండానే అతన్ని స్నేహితుడిగా చేర్చుకునేవారు. ‘సామీయే నా హీరో’ అనే అర్థం వచ్చే మాట వాళ్ల పేజీలోనూ చేరేది, ప్రోగ్రాంతో సహా! వాళ్ల పేజీ చూసినవాళ్లకూ అదే గతి. ఒక్కరోజు తిరక్కుండానే పదిలక్షల మందికి పైగా అంటుకుంది. చివరికి సైట్‌నే కాసేపు మూసేయాల్సి వచ్చింది. 2007లో సామీ నేరం ఒప్పుకున్నాడు. మూడేళ్ల ప్రొబేషన్, 90 రోజుల సమాజసేవ శిక్షగా పడ్డాయి.

మైస్పేస్‌లో కాపలా లేకపోలేదు. ‘జావాస్క్రిప్ట్’ అన్న మాట కనిపిస్తే తీసేసేవారు. సామీ ఆ మాటను రెండు ముక్కలు చేసి రెండు లైన్లలో రాశాడు. కాపలావాడు గుర్తుపట్టలేదు. బ్రౌజర్ మాత్రం రెండు ముక్కల్నీ కలిపి చదివేసుకుంది!

పెళ్లికి రాకూడనివాళ్ల జాబితా రాసుకుని గుమ్మంలో నిలబడితే, వేషం మార్చినవాడు లోపలికొచ్చేస్తాడు. పిలిచినవాళ్ల జాబితా పట్టుకుంటే ఆ బెడద ఉండదు. ఎడిటర్ విషయంలోనూ అంతే. లావు అక్షరాలు, వాలు అక్షరాలు, పేరా, లింకు, ఫొటో... వీటికే అనుమతి, మిగతావన్నీ బయటే అని రాసుకోవాలి. లింకు లోపల ఏముందో కూడా చూడాలి. ఈ తనిఖీ సర్వర్‌లో జరగాలి. ఎందుకంటే దొంగ ఎడిటర్‌లోంచే రానక్కర్లేదు, దాన్ని తప్పించుకుని సర్వర్‌కు నేరుగా పంపగలడు.

ఫొటో చెప్పే రహస్యాలు

ఇక ఫొటో సంగతి. కొన్ని ఎడిటర్లు ఫొటోను అక్షరాలుగా మార్చి రాతలోనే కూరేస్తాయి. అప్పుడు దాని బరువు మూడోవంతు పెరుగుతుంది. మూడు ఎంబీల ఫొటో నాలుగు ఎంబీలవుతుంది. పేజీ తెరుచుకోవడానికి పల్లెల్లో ఫోన్లు అవస్థ పడతాయి. అందుకే ఫొటోను విడిగా దాచి, రాతలో దాని చిరునామా మాత్రమే ఉంచడం మేలు.

వచ్చింది ఫొటోయేనా అన్నదీ చూడాలి. చివర ‘.జేపీజీ’ అని పేరు పెట్టుకున్నదల్లా ఫొటో కాదు. ఫైలు మొదట్లోనే దాని అసలు రకం తెలిపే గుర్తులుంటాయి. సర్వర్ వాటిని చదవాలి. సైజుకు హద్దు పెట్టాలి. పంపినవాళ్లు పెట్టిన పేరు తీసేసి కొత్త పేరివ్వాలి. ఫొటోలను చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్‌నూ ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుకోవాలి. చాలా సైట్లు వాడే ఇమేజ్‌మ్యాజిక్‌లో 2016లో పెద్ద లోపం బయటపడింది. దాన్ని వాడుకుని, ఫొటో పేరుతో పంపిన ఫైలు సర్వర్‌కే ఆజ్ఞలు జారీచేయగలిగేది!

అమ్మానాన్నలు పట్టించుకోవాల్సింది మరొకటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎప్పుడు తీశారో, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో కూడా నమోదవుతుంది. 2012 డిసెంబరులో యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ బెలిజ్ పోలీసుల నుంచి తప్పించుకు తిరుగుతుండగా, వైస్ పత్రిక అతని ఫొటో పెట్టింది. ఫొటోలో దాగిన అంకెలు అతను గ్వాటెమాలాలో ఉన్నాడని చెప్పేశాయి. అంతటివాడి ఆచూకీనే చెప్పిన ఫొటో, ఇంటి పెరట్లో తీసిన పిల్లల ఫొటో అయితే ఆ ఇంటి చిరునామా చెప్పదా? సైట్ ఆ వివరాలను చెరిపేశాకే ఫొటోను బయటపెట్టాలి.

తెలుగు తిప్పలు

తెలుగువాళ్లకు ఇంకో తిప్ప ఉంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన వ్యాసాన్ని తెచ్చి పెట్టెలో అతికిస్తే అంతా పిచ్చిగీతలే. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకే తెలుగు రూపు తొడిగారు. ఫాంటు పోగానే ముసుగు పోతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని అతికిస్తే ఏ బాధా ఉండదు.

స్కూలుకో, అపార్టుమెంటు సంఘానికో సైట్ చేయించేటప్పుడు రంగులు, బొమ్మల గురించే అందరూ అడుగుతారు. ‘రాతను సర్వర్‌లో వడపోస్తున్నారా? ఫొటోల్లో లొకేషన్ చెరిపేస్తున్నారా?’ అని కూడా అడగాలి. ‘అవసరమా అండీ’ అన్న జవాబొస్తే... ఆ తెల్ల పెట్టెలో పిల్లల ఫొటోలు అప్పుడే పెట్టకపోవడం మంచిది.