అత్తగారు అడిగారు కదా అని...

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. పోయిన వారం రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, రేపు మా పెద్ద బాసు కొత్తవాళ్ళందరితో మాట్లాడతారట. ఇక్కడ ఏం బాగాలేదో మొహమాటం లేకుండా చెప్పమని మెయిల్ పెట్టారు. చెప్పమంటావా?" అంది.

"ప్రొబేషన్ అయ్యేదాకా నోరు మూసుకుని ఉండమను" అన్నారు మావారు పక్కనుంచి.

నాకు నవ్వొచ్చింది. ఆ మెయిల్లో మాట నేను పాతికేళ్ళ కిందటే విన్నాను. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు, "ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. అడిగారు కదా అని చెప్పేశాను. మగవాళ్ళు తిని లేచేసరికి మూడవుతోందని, మనకి అడుగూ బొడుగే మిగులుతోందని. వారం రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆడపడుచుల ముందు, "మా ఇంట్లో అయితే ఇలా ఉండదండీ" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత మాటలేవీ ఆవిడ చెవికెక్కలేదు. ఆర్నెల్లయ్యాక వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, "అత్తయ్యా, మీకు షుగరు కదా, అంతసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు. గిన్నెలన్నీ బల్లమీద పెట్టేసి మనమూ వాళ్ళతోపాటే కూర్చుందామా?" అన్నాను. ఆ ఆదివారమే మారింది.

అలాగని ఊరుకోమని నేననను. మన ఇంటి వాసన మనకి తెలియదు, గడప తొక్కిన చుట్టానికే తెలుస్తుంది. ఏడాది గడిస్తే మా పిల్లా అలవాటు పడిపోతుంది. అందుకే దానికి ఇలా చెప్పాను. నీ కళ్ళతో చూసిందే చెప్పు. పది కాదు, ఒక్కటి చెప్పు. మనిషి పేరెత్తకు, పని గురించి మాట్లాడు. ముందుగా మీ మేనేజర్ చెవిన వెయ్యి, ఆయన్ని దాటి పైకెళ్ళినట్టు ఉండకూడదు. పేరు లేకుండా రాసే సర్వే కదా అని ధీమా పడకు, నలుగురున్న టీములో ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ లౌక్యాలేవీ వద్దన్నాను. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే అది అభిప్రాయం కాదు, ఫిర్యాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఆ సంస్థలోని సీనియర్ మహిళే అధ్యక్షురాలు కావాలి. మూడు నెలల్లోగా రాసివ్వాలి. ఆడపిల్లల తల్లులు ఇది గుర్తుపెట్టుకోండి.

మర్నాడు మా అమ్మాయి చెప్పింది. కొత్తవాళ్ళకి సిస్టం యాక్సెస్ రావడానికి మూడు వారాలు పట్టిందని, అన్నాళ్ళూ ఖాళీగా కూర్చున్నామని, చేరకముందే ఆ పని మొదలుపెడితే బాగుంటుందని. బాసు రాసుకున్నారట. మారుతుందో లేదో చూడాలి.

చెప్పేవాళ్ళకి ఇన్ని జాగ్రత్తలు నేర్పుతాం, అడిగేవాళ్ళకి ఎవరు నేర్పుతారు? రామాయణంలో మారీచుడు హితవు చెబితే, వినకపోగా చంపుతానన్నాడు రావణుడు. అడిగిన పెద్దవాళ్ళు విన్నాక మొహం మాడ్చుకుంటే, ఆ ఇంట్లోనైనా ఆఫీసులోనైనా రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

రేపు మా అబ్బాయికి పెళ్ళయ్యాక నేనూ కోడల్ని అదే మాట అడుగుతాను. వినే ఓపిక ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి. మీ సంగతేమిటి?