సన్న బుగ్గలు, చిన్న వ్రేళ్ళు



ఈ నెల బుగ్గల సంగతి వ్రాస్తున్నాను. అయ్యగారికి వేరే అంశమే దొరకలేదా అని నవ్వకండి. సండేస్కూలు ఉపాధ్యాయులు, ఇంటిలో పిల్లలున్న తల్లిదండ్రులు దయచేసి చివరి వరకు చదవండి.

జాతరలో కర్రకు కట్టి అమ్మే గుండ్రని బుగ్గలు కావివి. సన్నగా, పొడుగుగా ఉంటాయి. కవరు మీద 260 అని అచ్చువేసి ఉంటుంది. ఊదితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు వస్తుందని దాని భావము. గత సంవత్సరము వనపర్తిలో సెలవుల బైబిలు పాఠశాల కొరకు ఉపాధ్యాయులకు తర్ఫీదు జరిగినప్పుడు, నాగర్‌కర్నూలు నుండి వచ్చిన ఒక యౌవనస్థుడు వీటితో కుక్కను, పువ్వును చేయుట నాకు నేర్పాడు. నలభై దాటిన వ్రేళ్ళు మాట వినవు. మొదటి రోజే పదకొండు పగులగొట్టాను.

నోటితో ఊదే ప్రయత్నము చేయవద్దు, దవడలు నొప్పి పుడతాయి. చిన్న చేతి పంపు కొనండి. కొనవరకు గాలి నింపకూడదు. కుక్క చేయాలంటే ఆరు అంగుళాలు ఖాళీగా వదలాలి, ఎందుకంటే మెలిపెట్టిన కొద్దీ గాలి అటు జరుగుతుంది. ముడివేయకముందు కొంచెము గాలి వదిలితే బుగ్గ మెత్తబడుతుంది. మెలికలన్నీ ఒకే వైపుకు తిప్పాలి, మొదటి ముక్కను చివరి ముక్కను పట్టుకొనే ఉండాలి. వదిలితే అన్నీ విడిపోతాయి. మూతికి ఒక ముక్క, చెవులకు రెండు. ఆ రెండు చెవులను కలిపి మెలిపెడితే తాళము పడినట్లే. తరువాత మెడ, ముందుకాళ్ళు, నడుము, వెనుకకాళ్ళు అదే పద్ధతి. మిగిలినది తోక.

పువ్వు ఇంకా సులువు. బుగ్గ రెండు కొనలు కలిపి ముడివేసి చక్రము చేయండి. దానిని మధ్యలో మెలిపెడితే రెండు రేకులు. అటువంటివే రెండు చేసి, ఒకదానిపై ఒకటి అడ్డముగా పెట్టి నడిమిన తిప్పితే నాలుగు రేకులు. ఆకుపచ్చ బుగ్గ కాడ అవుతుంది. మన ఎండలకు ఇవి త్వరగా పాడవుతాయి గనుక నీడలోనే ఉంచండి. ఎండుగడ్డి, ముళ్ళ దగ్గరకు తీసుకుపోవద్దు.

ఒక హెచ్చరిక. ఊదని బుగ్గగాని పగిలిన ముక్కగాని చిన్నబిడ్డ గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆడదు. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు ఈ అపాయమున్నదని కవరు మీద అచ్చువేయాలని అమెరికాలో 1994లోనే చట్టము చేశారు. పగిలిన ప్రతి ముక్కను పెద్దవారే ఏరివేయాలి.

మొదటి రబ్బరు బుగ్గను 1824లో లండనులో మైకేల్ ఫెరడే అను శాస్త్రజ్ఞుడు చేశాడు. రెండు రబ్బరు పొరల అంచులను అదిమి అతికించి, లోపల అంటుకోకుండా పిండి చల్లాడు. ఆయన కమ్మరి కుమారుడు. బడి చదువు కొద్దిగానే దొరికింది. పుస్తకాలు బైండు చేసే దుకాణములో పనివాడుగా ఉంటూ ఆ పుస్తకాలే చదువుకున్నాడు. తరువాత తన చిన్న సంఘములో పెద్దగా కూడ ఉన్నాడు. ఈ కథ చెప్పి పిల్లలకు చదువు విలువ బోధించవలెనని నా తలంపు.

గద్వాల దగ్గర మా పల్లెలో మే నెలలో పాఠశాల పెట్టాము. పిల్లలందరూ తడబడుతుంటే పదకొండేండ్ల ఒక అమ్మాయి ఒకసారి చూచి, ఒక్క బుగ్గ పగలకుండా పువ్వు చేసి ఇచ్చింది. నేను ఆశ్చర్యపడి, ఎట్లా వచ్చిందమ్మా అని అడిగాను.

"సీడు పత్తిల మొగ్గ గిల్లినట్లే ఉన్నది అయ్యగారూ. గట్టిగ వట్టొద్దు, ఇడిసిపెట్టొద్దు."

మా ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. క్రాసింగ్ దినాలలో సాయంత్రము ఆడ మొగ్గను గోటితో ఒలిచి, మరునాడు ఉదయము మగపువ్వును దానికి రుద్దాలి. ఆగస్టు మొదలు రెండు మూడు నెలలు ఆ పని, బడి జరిగే దినాలలోనే. ఎవరి చేనిలో నేర్చుకున్నావని అడిగాను.

"మీ తమ్మునోళ్ళ చేన్లనే."

పుస్తకాల దుకాణపు పిల్లవాని కథ ఆ రోజు నేను చెప్పలేదు.

తమ్ముడు దాచలేదు. పిల్లల ఎత్తుకు మొగ్గలు సరిగ్గా అందుతాయి, కూలి తక్కువ, అందరూ చేసేదే అన్నాడు. పద్నాలుగేండ్లలోపు వారిని కూలికి పెట్టరాదని 2016లో చట్టమే మారిందని చెప్పాను. అయితే వాళ్ళ అవ్వకిచ్చిన అడ్వాన్సు నువ్వు కడతావా అన్నాడు. అమ్మానాన్నలు పూణెలో బిల్డింగు పనికి పోయారు, పిల్ల అవ్వ దగ్గరే ఉంటుంది. అవ్వ కూడ నన్నదే అడిగింది: "తిన్న పైసలు ఎట్ల తీర్చాలె అయ్యగారూ?" సగము నేను కట్టాను, సగము తమ్ముడు వదులుకున్నాడు. ఆ ఏడు పెద్దవాళ్ళకు కూలి ఇచ్చి క్రాసింగ్ చేయించాడు. మిగులు తగ్గిందని నెల రోజులు నాతో మాట్లాడలేదు.

పిల్ల ఆగస్టులో బడికి పోయింది. పక్కింటి పిల్ల వేరే చేనికి పోయింది.

ఈ మే నెలలో పువ్వు నేర్పినది ఆ అమ్మాయే. ముప్పదిమంది పిల్లలు చుట్టూ కూర్చున్నారు. క్రాసింగ్‌కు పోయేవాళ్ళు ఎందరని అడిగితే తొమ్మిది చేతులు లేచాయి. ఎవరి చేలకని అడిగితే మా సంఘపు పెద్దల పేర్లు రెండు వినబడ్డాయి. వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత వారి ఇండ్లకు వెళ్తున్నాను. తమ్ముడు కూడ వస్తానన్నాడు.