వడ్డీకి ముందు అడుగవలసిన ప్రశ్న

ఇటీవల మనవారి యిండ్లలో పొదుపు ఖాతాల ప్రస్తావన తఱచుగా వినబడుచున్నది. ఫలానా బ్యాంకులో వడ్డీ నూటికి ఏడట. ఇంకొకచోట ఖాతా తెరచిన నాడే బహుమతి కూపనట. ఇట్టి లెక్కలు వేసికొనుట మంచిదే. కాని ప్రశ్నల వరుస తలక్రిందులైనదని మా అభిప్రాయము.

ఒకప్పుడు ఈ చర్చకు అవకాశమే లేదు. పొదుపు ఖాతాల వడ్డీని రిజర్వు బ్యాంకే నిర్ణయించెడిది. 2011 అక్టోబరు 25న ఆ కట్టు తొలగినది. అప్పటి రేటు నూటికి 4. స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో తన రేటును 2.50కి దించినది. చిన్న ఫైనాన్సు బ్యాంకులు కొన్ని 7 వరకు ప్రకటించినవి. ఆ యేడు తొలి రూపాయి నుండి లభించునా, లక్షలు దాటిన భాగమునకు మాత్రమేనా యని విచారింపవలెను. పలుచోట్ల రెండవదే నిజము. ఏడాది పొడుగున 20,000 రూపాయలు నిలువయున్న యింటికి 2.50 వంతున 500, 4 వంతున 800 వచ్చును. కనీస నిలువ తగ్గెనని జరిమానా పడినచో ఆ 300 భేదము హరించిపోవుటకు ఎంతో కాలము పట్టదు. కూపను ఒకసారి వచ్చి పోవును, షరతులు నిలిచియుండును. కనీస నిలువ పట్టింపు లేని ప్రాథమిక పొదుపు ఖాతా బ్యాంకులలో కలదు. అడిగినగాని దాని మాట యెత్తువారు అరుదు.

ఇక భద్రత. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన పిమ్మట, 1962 జనవరి 1 నుండి డిపాజిట్లకు బీమా ఏర్పడినది. నాడు 1,500 రూపాయలున్న పరిమితి 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలైనది. ఇది అసలు, వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఒక మనిషికి వర్తించు మొత్తము. చిక్‌పేట శాఖలో కొంత, మల్లేశ్వరం శాఖలో కొంత దాచినను, బ్యాంకు ఒకటే యైనచో లెక్కయు ఒకటే. చిన్న ఫైనాన్సు బ్యాంకులకును ఈ బీమా కలదు గనుక వాటిని చూచి బెదరనక్కఱలేదు. సహకార పరపతి సంఘములకు మాత్రము లేదు. వాటి బోర్డుపై పేరు ఎంత గంభీరముగా నున్నను లేదు.

మేము భయపడునది ఇచ్చటనే. పరాయి రాష్ట్రమున మనకు తెలుగు మాట వినబడగానే మనసు కరగును. వసూలుకు వచ్చినవాడు మనవాడే, మన వీధివాడే యని రసీదైనను చదువక సొమ్ము చేతబెట్టు పెద్దవారు ఎందఱో కలరు. అతడు మంచివాడే కావచ్చును; అతని మంచితనము బీమా కాదు. బీమా యున్నచోట సైతము ఇక్కట్లు తప్పవు. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై ఆంక్షలు పడినపుడు, ఖాతాదారులు తొలుత తీసికొనగలిగినది 1,000 రూపాయలే. ఆంక్షలు పడిన 90 దినములలో బీమా సొమ్ము అందవలెనన్న సవరణ 2021లో గాని రాలేదు.

యానాము మాట వేరు. తక్కినచోట్ల ఖాతా పత్రములు కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో ఉండును. తెలుగు మాత్రమే చదువగల అమ్మమ్మలు చూపినచోట సంతకము చేయుచున్నారు. తెలుగు చదువలేని మనుమలు ఆ పత్రములను చక్కగా చదువగలరు. వారు ప్రక్కన కూర్చుండి షరతులు చదివి తెలుగున వివరింపవలెను. మన సంఘము కూడ అడుగవలసిన ప్రశ్నలను ఒక పుటలో తెలుగున అచ్చువేసి యింటింటికి పంపవలెనని కోరుచున్నాము. అందు మొదటి ప్రశ్న వడ్డీని గూర్చి కాక, "మీ సంస్థకు డిపాజిటు బీమా కలదా?" అని యుండవలెను.