ఇంగ్లీషు మాట రావాలంటే మీడియం మారిస్తే చాలా?

మరాఠీ, ఇంగ్లీషు మీడియం బడుల్లో ఒకటో తరగతి నుంచే హిందీ నేర్పాలని 2025 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గొడవ ముదరడంతో జూన్ 29న వెనక్కి తీసుకుంది. ముంబైలోని తెలుగు బడులకు ఆ గొడవ దూరం నుంచి వినిపించిందే. మన పిల్లలకు ముందు నుంచీ తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. హిందీని గల్లీయే నేర్పుతుంది. తెలంగాణ నుంచి వచ్చిన కామాటి కూలీల పేరు మీద వెలసిన కామాటిపురలోనూ, వర్లీ చాళ్లలోనూ తల్లిదండ్రుల బెంగ వేరు: తెలుగు బడిలో వేస్తే పిల్లకు ఇంగ్లీషులో నోరు తిరుగుతుందా?

ఆ బెంగలో తప్పు లేదు. రాష్ట్రంలో అన్ని మీడియంలలోనూ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు 2000లోనే వచ్చింది. పదో తరగతి ముగిసేసరికి పదేళ్ల చదువన్నమాట. అయినా పాఠం చదవగలిగిన పిల్లవాడే, ఎవరైనా ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు వేస్తే తల దించుకుంటాడు. హిందీలో మాత్రం కొట్టువాడితో బేరమాడి వస్తాడు.

ఎందుకని? హిందీ రోజంతా చెవిన పడుతుంది. కారణంలో ఇది సగమే. మిగతా సగం వాక్యం కట్టులో ఉంది. ఇంట్లో ‘నాకు ఆకలేస్తోంది’ అనే పిల్ల హిందీలో ‘ముఝే భూఖ్ లగీ హై’ అంటుంది, మరాఠీలో ‘మలా భూక్ లాగ్లీ ఆహే’ అంటుంది. మాటలు మారాయి గానీ మూస మారలేదు: ముందు ‘నాకు’, చివర క్రియ. ‘ఐ యామ్ హంగ్రీ’ దగ్గరికి వచ్చేసరికి ‘నాకు’ పోయి ‘నేను’ వచ్చింది, క్రియ మధ్యలోకి దూరింది. వాక్యాన్ని తెలుగులో సిద్ధం చేసుకుని మార్చబోయే పిల్ల సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. తెలివి తక్కువై కాదు. కొత్త మూస నోటికి అలవాటు కావాలి, అది రాతతో రాదు.

తరగతిలో మనం చేయిస్తున్నది రాతే. బోర్డు మీది ప్రశ్నలూ జవాబులూ ఎక్కించుకునేసరికి గంట కొట్టేస్తారు. మీడియం మార్చినా పద్ధతి ఇదే అయితే మాట రాదు. పైగా లెక్కలూ సైన్సూ ఇంట్లో ఎవరూ విప్పి చెప్పలేని భాషలోకి వెళ్లిపోతాయి.

టీచర్లు రోజూ పది నిమిషాలు పుస్తకం మూయించి పిల్లల్ని ఇద్దరిద్దరుగా మాట్లాడించవచ్చు. నల్లా ఎన్నింటికి వచ్చింది, గణపతి నిమజ్జనానికి ఎవరెవరు వెళ్లారు, ఇలాంటివి చాలు. మాట మధ్యలో తప్పు దిద్దకండి, చివర్లో ఒకటో రెండో చెప్పండి. ‘బస్’ని ‘బస్సు’ అన్నందుకు నవ్వడం అసలే వద్దు, మాటను అచ్చుతో ముగించడం తెలుగు నోటి అలవాటు. ఇంగ్లీషు రాని తల్లి కూడా సాయపడగలదు. బడిలో జరిగింది పాపను ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పమనాలి. తెలుగులో చెప్పేటప్పుడు కథ పెరిగితే, ఆ పెరిగిన ముక్క ఇంగ్లీషులో ఎలా అనాలో మర్నాడు టీచరును అడిగి రమ్మనాలి.

జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు, యూనిఫాం సంగతులతో పాటు ఇంకొకటి అడగండి: ఇంగ్లీషు పీరియడ్‌లో ఒక్కో పిల్ల ఎన్ని నిమిషాలు మాట్లాడుతుంది? వీలైతే ఒక పీరియడ్ వెనక బెంచీ మీద కూర్చుని చూస్తామనండి. తెలుగు బడిలోనూ అడగండి, ఇంగ్లీషు బడిలోనూ అడగండి.