ఫ్లష్ కొట్టేముందు ఓసారి లోపల చూడండి

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఏ జబ్బుకైనా ఒకటే సూది వేసినట్టు, మన సాఫ్టువేరు వాళ్ళం సైటు తెరుచుకోలేదంటే చాలు, "డీఎన్ఎస్ ఫ్లష్ కొట్టు" అనేస్తాం. సొంత ల్యాప్‌టాప్ మీదయితే ఏ ఇబ్బందీ లేదు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్, లినక్స్‌లో రిజాల్వ్‌సీటీఎల్... ఒక్క ఆదేశం, అర సెకనులో అయిపోతుంది. కానీ ఇదే అలవాటుని ఒక ఊరు మొత్తానికి జవాబులిచ్చే సర్వరు మీదికి కూడా తీసుకెళ్తున్నాం. నా గొడవంతా దాని గురించే.

తెలిసిన విషయమే అయినా రెండు ముక్కలు. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించేదాకా నెట్‌లో ఉన్న యంత్రాల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. అందరూ ఆ ఫైలుని దింపుకుని వాడుకునేవాళ్ళు. నెట్ పెరిగేకొద్దీ అది సాగలేదు. అప్పుడు పేర్లని పంచి తలా కొంత అప్పజెప్పారు. అలా పంచితే ప్రతి పేరు కోసం మూడు నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాలి కదా? అందుకే ఒకసారి దొరికిన జవాబుని కొంతకాలం దాచుకోమన్నారు. ఆ దాచుకున్నదే కాష్. ఎంతకాలం అనేది టీటీఎల్.

మా అనంతపురం వాళ్ళకి కాష్ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు, చెరువు అంటే చాలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు రోజులు గట్టిగా కురిసి మొహం చాటేసే రకం. 1364లో బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు పండమేరుకి అడ్డంగా కట్ట వేసి చెరువు కట్టిస్తే, ఆ అనంతసాగరం పేరుతోనే ఊరు వెలిసింది. పడినప్పుడు పట్టుకోవాలి, లేనప్పుడు వాడుకోవాలి. ఇంతే సూత్రం. చెరువుకి నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు, తూము ఎంత తెరవాలి అన్నది చూసుకోవడమే అతని పని. ఒక మడికి నీళ్ళు సరిగ్గా అందలేదని కట్టకి గండి కొట్టిన నీరుగంటి ఉంటాడా? మనం కొడుతున్నాం!

మామూలుగా జరిగేది చూడండి. కళ్యాణదుర్గం లాంటి ఊళ్ళో కేబుల్ నెట్ నడిపే ఒకాయన ఉన్నాడనుకుందాం. వెయ్యి ఇళ్ళు, ఒక పాత పెట్టెలో బైండ్ సర్వరు. పంట బీమాకి ఆఖరి రోజు. ఆ సైటు వాళ్ళు పొద్దున్నే కొత్త సర్వరుకి మారారు. ఈయన కాష్‌లో ఇంకా పాత చిరునామానే ఉంది. ఫోన్లు మొదలయ్యాయి. ఎవరో బెంగుళూరు నుంచి "ఆర్ఎన్‌డీసీ ఫ్లష్ కొట్టండి" అని సలహా ఇచ్చారు. కొట్టాడు. బీమా సైటు తెరుచుకుంది, సంతోషం. కానీ మిగతా పేర్లన్నీ కూడా పోయాయి. డాట్ కామ్ సర్వర్ల వివరాలు రెండు రోజులు నిలవుంటాయి, అవీ పోయాయి. వెయ్యి ఇళ్ళ ప్రశ్నలకీ మళ్ళీ రూట్ నుంచి మొదలు. అసలే సాయంత్రం లైను కిక్కిరిసి ఉంటుంది. యూడీపీ ప్యాకెట్టు ఒకటి దారిలో పోతే దాన్ని మళ్ళీ పంపేదాకా ఎదురుచూడటమే. ఒక్క సైటు సమస్య కాస్తా కాసేపు ఊరందరి సమస్య అయ్యింది. బ్యాంకు పేజీ దగ్గర చక్రం తిరుగుతూ కూర్చున్న రైతుకి ఇదంతా ఎవరు చెప్తారు?

దీనికి సరైన పనిముట్టు అదే ఆర్ఎన్‌డీసీలో ఉంది. ముందు డంప్‌డీబీ అని ఆదేశం ఇస్తే కాష్ మొత్తం ఒక ఫైల్లోకి దిగుతుంది. అందులో గ్రెప్‌తో ఆ పేరు వెతకండి. ఏ చిరునామా పట్టుకుని కూర్చుందో, ఇంకా ఎన్ని సెకన్లు మిగిలి ఉన్నాయో కనిపిస్తుంది. నలభై సెకన్లే మిగిలి ఉంటే ఓ కప్పు టీ తాగి రండి, అంతే. గంటలు ఉంటే ఫ్లష్‌నేమ్‌తో ఆ ఒక్క పేరు తీసెయ్యండి. అది ఇంకో పేరుకి మారుపేరయితే ఆ రెండోదాన్ని కూడా తియ్యాలి. డొమైన్ నేమ్ సర్వర్లే మారిపోయి ఉంటే ఫ్లష్‌ట్రీ వాడండి, ఆ పేరూ దాని కింద పేర్లన్నీ పోతాయి, మిగతా ఊరు చల్లగా ఉంటుంది. "ఆ పేరే లేదు" అన్న జవాబుని కూడా సర్వరు దాచుకుంటుందని మర్చిపోకండి. కొత్త డొమైన్ పని చెయ్యట్లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే.

అసలు ఫైల్లో పాత చిరునామానే లేదనుకోండి? అప్పుడు తప్పు మీ దగ్గర లేదు. బ్రౌజరు, ఆపరేటింగ్ సిస్టం, ఇంట్లో రౌటరు, వీటన్నిటికీ ఎవరి కాష్ వాళ్ళది. గొలుసు చెరువుల్లాగన్న మాట. పై చెరువు ఎండగొట్టినంత మాత్రాన కింద చెరువులో నీళ్ళు మారవు.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. బైండ్ కాష్ మెమరీలో ఉంటుంది, పెట్టె ఆగితే పోతుంది. డంప్ చేసిన ఫైలు చదువుకోడానికే, తిరిగి ఎక్కించడానికి కాదు. అన్‌బౌండ్ వాడేవాళ్ళకి డంప్ కాష్, లోడ్ కాష్ అని రెండూ ఉన్నాయి. కానీ జాగ్రత్త! ఫైల్లో ఉండేది దించినప్పటికి మిగిలిన సమయం. నిన్నటి ఫైలుని ఇవాళ ఎక్కిస్తే చచ్చిన జవాబులకి కొత్త ఆయుష్షు పోసినట్టే. అనుకుని రీస్టార్టు చేసే ఐదు నిమిషాల పనికే దాన్ని వాడండి. పనయ్యాక ఆ ఫైలు తుడిచెయ్యండి. ఎవరు చూశారో అందులో ఉండదు గానీ ఊరు ఏమేం చూస్తోందో ఉంటుంది. చిన్న ఊళ్ళో ఆ తేడా ఎంతసేపు నిలుస్తుంది?

"ఇప్పుడు ఫైబర్ వచ్చేసింది కదా, ఇంకా ఈ పొదుపు ఎందుకు?" అనొచ్చు. నిజమే, రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్‌ని 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించారు. కానీ కాలువ వెడల్పయినంత మాత్రాన చెరువు పూడ్చేస్తామా? హెచ్చెల్సీ వచ్చాక చెరువుల్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మా జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. అవతలి సర్వరు పలకనప్పుడు గడువు దాటిన జవాబునే తాత్కాలికంగా ఇవ్వొచ్చని 2020లో ఆర్ఎఫ్‌సీ 8767 వచ్చింది. బైండ్, అన్‌బౌండ్ రెంట్లోనూ ఆ సదుపాయం ఉంది. గండి కొట్టినవాడికి ఆ ఆఖరి బిందె నీళ్ళు కూడా దక్కవు.

మొత్తం ఫ్లష్ ఎప్పుడూ తప్పని నేననను. 2008లో డాన్ కమిన్‌స్కీ చూపించినట్టు ఎవరైనా కాష్‌లో విషం కలిపారని అనుమానం ఉంటే, ఖాళీ చెయ్యాల్సిందే. విషం కలిసిన చెరువు నీళ్ళు ఎవరూ తాగరు.

చివరగా హైదరాబాదులో, బెంగుళూరులో కూర్చుని సైట్లు నడిపే మనకే అసలు మాట. సర్వరు మార్చే ముందురోజే టీటీఎల్‌ని 86400 నుంచి 300కి దించండి, పనయ్యాక తిరిగి పెంచండి. చాలామంది దించుతారు, పెంచడం మర్చిపోతారు. మనం జోన్ ఫైల్లో బద్ధకంగా వదిలేసిన ఆ 300కి, ఐదు నిమిషాలకోసారి మూల్యం కట్టేది సన్నటి లైను మీద ఉన్నవాడు. వాడికి మన ఆఫీసు అడ్రసు తెలీదు కాబట్టి తిట్లు మనదాకా రావట్లేదు, అంతే!