గాలి తగ్గింది, గండం తగ్గలేదు

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ యంత్రాంగం ముందే తీర గ్రామాల జనాన్ని శిబిరాలకు తరలించింది, బడులకు సెలవులిచ్చింది. రైళ్లు, విమానాలు రద్దయ్యాయి. తెల్లవారేసరికి తీరం ఊపిరి పీల్చుకుంది. అదే రోజు, 29న, సముద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్ మునిగింది.

హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో 35 సెంటీమీటర్లు దాటింది. ఏడాది పొడవునా కలిపి వంద సెంటీమీటర్లు అటూఇటుగా కురిసే ప్రాంతమిది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీదికి నీళ్లు చేరి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ నిలిచిపోయింది. హనుమకొండలో సమ్మయ్యనగర్, వరంగల్‌లో ఎన్టీఆర్ నగర్, శివనగర్ వంటి కాలనీల్లో జనం ఇళ్లపైకి ఎక్కి పడవల కోసం ఎదురుచూశారు. తీరం దాటాక తుపాను బలహీనపడిందని వార్తలు చెబుతూనే ఉన్నాయి. అందులో అబద్ధమేమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సముద్రంలో పుట్టిన అలజడికి మన వాతావరణ శాఖ హోదా ఇచ్చేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. తీరానికి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో, కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు నిలుస్తాయో లేదో ప్రధానంగా గాలే తేలుస్తుంది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచి ఉంది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబర్ 12న విశాఖను కకావికలు చేసిన హుద్‌హుద్ నేర్పిన పాఠాలతో తీర జిల్లాల యంత్రాంగం రాటుదేలింది. హెచ్చరిక సూచిక ఎగరేస్తే ఎవరు ఏం చేయాలో అక్కడ అందరికీ తెలుసు.

లోపలి జిల్లాలకు వచ్చేసరికి అదే కొలబద్ద దారి తప్పిస్తుంది. నేల మీదికి రాగానే తుపానుకు కింద వెచ్చని సముద్రం ఉండదు, పైగా నేల రాపిడి తోడవుతుంది. సుడి సడలుతుంది, గాలి తగ్గుతుంది. అయితే పైకి లేచిన తేమ ఎక్కడికీ పోదు. బంగాళాఖాతం మీదుగా వీచే తూర్పు గాలులు కొత్త తేమను మోసుకొస్తూనే ఉంటాయి. వ్యవస్థ నిదానంగా కదిలితే, ఒకే చోట మబ్బులు వరుసగా పేరుకుంటే, తీవ్ర తుపాను తీరంలో కురిపించని వానను నీరసించిన వాయుగుండం లోపల కురిపించగలదు. మొంథా చేసిందదే. హోదాలో ఒక్కో మెట్టూ దిగుతూ తెలంగాణ మీదికి వచ్చి, దిగినకొద్దీ కుమ్మరించింది.

వాన కొలతకూ ఇలాంటి లోపమే ఉంది. రోజుకు 20 సెంటీమీటర్లు దాటితే ‘అత్యంత భారీ వర్షం’. నిచ్చెన అక్కడితో అయిపోతుంది. 21 సెంటీమీటర్లకూ, భీమదేవరపల్లి వానకూ ఒకే పేరు, ఒకే ఎరుపు రంగు హెచ్చరిక. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లు దాటి పడిన వాన కూడా అదే గడిలో చేరింది. జిల్లా మొత్తానికి రంగు పూస్తే పర్వతగిరి రైతుకు గానీ, వరంగల్‌లో బొందివాగు పక్క కాలనీవాసికి గానీ తెలిసేదేమిటి? తనకేమవుతుందో చెప్పని రంగును ఒకటి రెండుసార్లు చూశాక ఎవరైనా పట్టించుకోవడం మానేస్తారు.

అక్టోబర్ చివరి వారం వరంగల్ పల్లెల్లో ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ నష్టం ఇంకా బాగా అర్థమవుతుంది. వరి కోతలు మొదలవుతాయి. కొనుగోలు కేంద్రంలో కాంటా పడే వరకు వడ్లు ఆరబోయడానికి కల్లాలు చాలక సగం రోడ్డు మీదే పోస్తారు. పత్తి మొదటి ఏరివేతకు వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు మక్కలు, పత్తి వరస కడతాయి. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. పత్తిలో 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. అంటే ఒక్క రాత్రి వాన రైతుకు వరద కాకపోయినా ధరకు కోతే. తడిసిన రాశిని మర్నాడు తిరగేస్తే అడుగున మొలకలు కనిపిస్తాయి. తేమ యంత్రం ముందు నిలబడిన రైతుకు ఆ అంకె ఒక్కటే కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం తర్వాత ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. మంచిదే. రెండు రోజుల ముందు వరికోత ఆపమనో, కోసిన వడ్లను తేమ లెక్క పక్కనపెట్టి గోదాములకు ఎత్తుతామనో చెప్పి ఉంటే పంటలో కొంతయినా మిగిలేది.

చలికాలం కోసం మన దగ్గరున్న హెచ్చరిక మరీ పలుచన. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనో, ఏకంగా 4 డిగ్రీలకు పడిపోతేనో చలిగాలులని ప్రకటిస్తారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవుల పొడి చలికి ఇది చాలు. డిసెంబర్ తుపాను తెచ్చే తడి చలికి చాలదు. మబ్బు కమ్మిన రాత్రి కనిష్ఠం అంతగా పడదు. పగలు ఎండ రాదు, తడి ఆరదు, ఈదురు గాలి ఆగదు. 2018 డిసెంబర్ 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో మందల్లో గొర్రెలు చలికి బిగుసుకుపోయి చనిపోయాయి. ఆరుబయట మందను కాసే గొల్లకురుమలకు థర్మామీటర్ అంకె కన్నా తడి, గాలి, చలి మూడూ ఒకేసారి వస్తున్నాయన్న కబురే ముఖ్యం. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కూడా ఖమ్మం నుంచి ములుగు దాకా వరి, మిర్చి రైతులను తడిపి పోయింది.

గాలి మాటకొస్తే, మన ప్రాంతంలో ఇటీవలి అతిపెద్ద గాలి బీభత్సం జరిగింది తుపాను రోజున కాదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో సుమారు రెండు వందల హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు కూలాయి. ఆ గాలి ఊరి మీద విరుచుకుపడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. ఇలాంటి చిన్న విస్తీర్ణపు గాలిని ఒక రోజు ముందు చెప్పడం ఎక్కడా సాధ్యం కాదు. ఒకటి రెండు గంటల ముందు రాడార్ చూసి పసిగట్టాలి. హైదరాబాద్ బేగంపేట రాడార్ వరంగల్‌కు 130 కిలోమీటర్లకు పైగా దూరం. భూమి వంపు వల్ల దాని కిరణం ఇక్కడికి చేరేసరికి నేలకు రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది, తాడ్వాయి మీద ఇంకా ఎత్తున. నేలను ఒరుసుకుపోయే గాలి దానికి అందదు. కాబట్టి గోదావరి లోయకు దగ్గరగా మరో రాడార్ ఉండాలని అడగడంలో అతి ఏమీ లేదు.

ఇక వరంగల్ నగరం. కాకతీయులు గొలుసుకట్టు చెరువులతో నిలబెట్టిన ప్రాంతంలో నీళ్లు ఎటు పోతాయో తెలియకపోవడం విడ్డూరం. చెరువు మత్తడి దూకితే ఏ వాగుకు, ఆ వాగు పొంగితే ఏ కాలనీకి అన్నది గీసి చూపగలిగిన విషయమే. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ, 2025 అక్టోబర్‌లోనూ దాదాపు అవే వీధులు మునిగాయి. ఆక్రమణల తొలగింపు ఏళ్ల పని, రాజకీయ పని. ఈ మత్తడి దాటితే మీ వీధికి ఇన్ని గంటల్లో నీళ్లొస్తాయని వార్డు వారీగా పట్టిక తయారు చేసుకోవడానికి ఒక్క వేసవి చాలు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు గంట గంటకూ లెక్క పంపుతున్నాయి. నీటిపారుదల శాఖ దగ్గర చెరువుల మట్టాలున్నాయి. ఇవి రెండూ ఒకే బల్ల మీదికి రావాలి.

కబురు చేరవేయడానికి ఫోన్ మెసేజ్ ఒక్కటే దారి కాదు. భీమదేవరపల్లి మండలంలోనే 1956 నుంచి నడుస్తున్న ముల్కనూర్ సహకార సంఘం ఉంది, ఊరూరా పాలు సేకరించే మహిళా డెయిరీ ఉంది. పాల కేంద్రానికి వచ్చే ఆడవాళ్లకు చెబితే కబురు ఇంటింటికీ చేరుతుంది. కొనుగోలు కేంద్రాల నిర్వాహకులు, ఆర్టీసీ డ్రైవర్లు, లోలెవల్ వంతెనల దగ్గర కాపలా ఉండాల్సిన పంచాయతీ సిబ్బంది కబురు అందుకునేవారి జాబితాలో ముందుండాలి.

బంగాళాఖాతంలో తుపాన్ల కాలం అక్టోబర్‌తో ముగియదు, డిసెంబర్ దాకా ఉంటుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాల కలెక్టర్లు, మహానగర పాలక సంస్థ ఏటా సెప్టెంబర్‌లోపే ముంపు వీధుల పట్టికను, కోతల సలహాను, తడిసిన ధాన్యం కొనుగోలు నిబంధనను ప్రకటించాలి. తుపాను తీరం దాటిన వార్త రాగానే లోపలి జిల్లాల కంట్రోల్ రూములు పని మొదలుపెట్టాలి, ముగించకూడదు.