పగలు నిద్రపోయే ఊరు

కారు సైలెన్సర్ విప్పేసి, గట్టిగా మోగే గొట్టం ఇంట్లోనే బిగించుకోవడం ఇప్పుడు అన్నయ్యలకు సరదా. చేత్తో పని నేర్చుకోవడాన్ని మేము తప్పుపట్టం. స్పానర్ పట్టిన చేతుల మీదే కదా ఈ ఊరు బతుకుతోంది!

కానీ పవర్ హౌస్‌లో కొందరికి పగలే రాత్రి. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. అలాంటి కొలిమిని రాత్రికి ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు, అందుకే మూడు షిఫ్టులు. నైట్ డ్యూటీ దిగి పడుకున్న పక్కింటి మామయ్య నిద్ర ఆ గొట్టం ఒక్క మోతకు చెదిరిపోతుంది. నిద్ర చాలని మనిషి మళ్లీ ఆ రాత్రే కరిగిన ఇనుము దగ్గర నిలబడాలి.

బండికి బలం పెరిగిందంటారు. మా లెక్కన పెరిగేది చాలావరకు చప్పుడే. క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువగా బయటికొస్తుంది. దానికి వాసన ఉండదు. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేస్తే ప్రాణానికే ముప్పు.

శబ్దం, కాలుష్యం హద్దు దాటితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బదిలీల మీద బతికే మనకు ఇంకో చిక్కు. కొత్త రాష్ట్రంలో 12 నెలలు దాటితే కారును అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఆర్సీలో లేని మార్పులతో.

పాతది తుప్పుపడితే కంపెనీ రకం సైలెన్సరే బిగించండి. బండి చల్లారాక, జాకీని నమ్ముకోకుండా స్టాండుల మీద నిలిపి, మామయ్య నిద్ర లేచాక.